తేలినీలాపురం, తాటిపూడి: ఐదుగురం, 5,800 రూపాయలు

రిపబ్లిక్ డే సోమవారం పడటంతో మూడు రోజుల సెలవు కలిసొచ్చింది. పిల్లలు అరకు అన్నారు. ఆ సెలవుల్లో అరకులో గది దొరకడమే గగనం, దొరికినా ఆ అద్దె మనం పెట్టలేం. మాది విజయనగరం. చుట్టుపక్కలే ఇన్ని నీళ్లు, ఇన్ని పక్షులు ఉండగా కొండెక్కడం దేనికని, మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య, పాత కారులో బయల్దేరాం.

శనివారం మధ్యాహ్నం ఇంట్లోనే భోంచేసి తాటిపూడి వెళ్లాం. గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద కట్టిన జలాశయం. విశాఖపట్నానికి తాగునీళ్లు కొంత ఇక్కణ్ణించే వెళ్తాయి. మూడు వైపులా కొండలు, మధ్యలో కదలని నీళ్లు. ఎండ వాలుతుంటే కొండల నీడ నీళ్ల మీద పాక్కుంటూ మా గట్టు దాకా వచ్చేసింది. బోటులో ఓ చుట్టు తిరిగాం. ఆఖరి బోటు ఎన్నింటికో వెళ్లగానే అడిగి పెట్టుకోవాలి, గట్టు మీద కబుర్లలో పడితే అది కాస్తా తప్పిపోతుంది. అత్తయ్యకి మెట్ల బాధ పెద్దగా లేకుండా, కూర్చుని చూడగలిగిన చోటు ఈ మొత్తం ప్రయాణంలో ఇదొక్కటే. తిండి మాత్రం ఇంటి నుంచే కట్టుకెళ్లడం మంచిది. మా పులిహోర గట్టు మీదే అయిపోయింది. రాత్రికి ఇంటికొచ్చి పడుకున్నాం, ఒక రాత్రి గది ఖర్చు మిగిలింది.

ఆదివారం తెల్లవారకముందే లేచి శ్రీకాకుళంలో టిఫిన్ చేసి, శాలిహుండం కొండకి వెళ్లాం. వంశధార ఒడ్డున ఉన్న బౌద్ధ క్షేత్రం. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే. స్తూపాల దగ్గర నిలబడి చూస్తే కింద నది వెడల్పుగా సముద్రం వైపు సాగిపోతూ కనిపిస్తుంది. అత్తయ్య కిందే ఉండిపోయారు. పెద్దవాళ్లతో వెళ్తే ఇది గుర్తుంచుకోండి. కళింగపట్నంలో లైట్‌హౌస్, ఇసుక, గాలి, పిల్లల కేరింతలు. మిట్టమధ్యాహ్నం వెళ్లడం మా పొరపాటు, గంటలోనే వెనక్కి తిరిగాం. అక్కడికి సాయంత్రం వెళ్లాలి.

రాత్రి బస టెక్కలి ప్రాంతంలో. సముద్రం పక్కన కావాలని పిల్లలు గొడవ చేశారు గానీ, తెల్లారేసరికి తేలినీలాపురంలో పక్షుల దగ్గరుండాలన్నది నా పట్టుదల. ఒక లాడ్జిలో రెండు గదులు, 1,600 రూపాయలు. ఫోన్లో వెనకవైపు గదులన్నారు, వెళ్లాక ఇచ్చింది రోడ్డువైపు. తెల్లవార్లూ లారీ హారన్లే. ఉదయం వేడినీళ్లిస్తామన్నారు, అడిగితే గ్యాస్ అయిపోయిందన్నారు. దుప్పట్లు మాత్రం ఉతికినవి. ఫోన్లో చెప్పినదాన్ని నమ్మకుండా, గది చూశాకే డబ్బు కట్టాల్సింది.

ఆ విసుగంతా తేలినీలాపురంలో పోయింది.

ఊళ్లోకి వెళ్లకముందే చేపల వాసన. తర్వాత ముక్కుల టకటక చప్పుడు. తలెత్తితే చింతచెట్ల కొమ్మకొమ్మకీ గూళ్లు, ఆకులు సున్నం జల్లినట్టు తెల్లగా. గూడబాతులూ (పెలికన్లు) ఎర్రకాళ్ల కొంగలూ (పెయింటెడ్ స్టార్క్‌లు) పక్కపక్క చెట్ల మీదే కాపురం పెట్టాయి. కాయితం మీద ఇదొక పక్షుల సంరక్షణ కేంద్రం. కంటికి మాత్రం పక్షులు ఇళ్ల మధ్యకొచ్చిన ఊరులా ఉంటుంది.

వాచ్‌టవర్ ఎక్కాక ఒక గూటి దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. గూడబాతు పిల్ల తల్లి నోరు తెరిచీ తెరవకముందే తలంతా మెడదాకా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేసింది. తల్లి కాళ్లు బిగబట్టి ఊగిపోతూ నిలబడింది. పిల్ల తల బయటికి తీసేసరికి ఒళ్లంతా తడి. పక్క కొమ్మ మీద ఎర్రకాళ్ల కొంగ తన రెక్కలు విప్పి, ఎండ పిల్లల మీద పడకుండా గొడుగులా పట్టింది. మా పాప అరగంట నోరు మెదపలేదు.

కిందికి దిగాక, అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ పలకరించింది.

"ఏటమ్మా, పెందలకాడే వొచ్చీసినారు?"

"పక్షుల కోసమే మామ్మా."

"మా ఆడపిల్లలే ఇవి. పురిటికి వొస్తాయి, పిల్లల్ని పెంచుకోని ఎల్లిపోతాయి. ఈటి జోలికి ఎవులూ ఎల్లరు."

సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు. నిజానికి ఈ రెండు జాతులూ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ బతికేవే. గూడు కట్టే కాలానికి ఇక్కడికి చేరతాయి. ఆ పురిటి మాటే నాకు ఎక్కువ సరిపోయినట్టు తోచింది. పిల్లలకి మేత దొరికేది నౌపడ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో. తంపర అంటారు ఇక్కడ. 2011లో కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని ఊళ్లకి ఊళ్లే కదిలింది ఈ తంపరని కాపాడుకోవడానికే. అది పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ఆ నీళ్లు పోతే ఈ చింతచెట్లు ఖాళీ. అందుకే తిరుగుదారిలో నౌపడ ఉప్పుమడుల దగ్గర కారాపి, మా పిల్లలకి ఆ నేల చూపించాను. ఉప్పు ఇంకా కుప్పలు పడలేదు, మడుల నిండా ఆకాశమే.

ఖర్చు సంగతి: పెట్రోలు 2,600, గదులు 1,600, తిండి 1,000, బోటూ టికెట్లూ చిల్లర కలిపి 600. దారిలో కొన్న కాల్చిన తేగలు ఆ తిండి లెక్కలోనే.

మళ్లీ వెళ్తే కళింగపట్నం వదిలేసి తేలినీలాపురంలోనే రెండు పూటలు గడుపుతాను. ఉదయం ఆరున్నరకల్లా చెట్ల కింద ఉండాలి, తెల్ల బట్టలు వద్దు, టోపీ తప్పనిసరి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి ఈసారి వెళ్లలేదు. అక్కడికొచ్చే నత్తలు తినే కొంగలు వానలతో వస్తాయి, జనవరికి ఉండవు. వాటి కోసం ఆగస్టులో ఒక శని, ఆదివారాలు చూసుకున్నాం. ఈసారి గది వెనకవైపుదే, చూశాకే డబ్బు.