నోజ్‌రైడరా, పిగ్గా? ముందు టెయిల్ చూడండి

సర్ఫింగ్‌కు, అంటే అలల మీద స్వారీకి, వాడే పొడవాటి బోర్డు అయిన లాంగ్‌బోర్డు కొనదలచిన మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ముక్కు (బోర్డు ముందు కొస) మీద నిలబడి సాగడానికి చేసిన, దాని కింద కాన్కేవ్ (లోపలికి వంగిన పల్లం) ఉన్న 1960ల నాటి నోజ్‌రైడర్ మేలా, అంతకు ముందరి పిగ్ అనే రకం మేలా? ఈమధ్య నాకూ ఒక బోర్డు చేయించుకునే అవసరం వచ్చి, కాలిఫోర్నియాలోని శాన్ ఓనోఫ్రే తీరపు అలల మీద రెండింటినీ కొన్ని నెలలపాటు నడిపి చూశాను.

1950ల మధ్యలో బోర్డుల తయారీదారు డేల్ వెల్జీ తీర్చిన పిగ్‌కు వెడల్పంతా నడుముకు వెనుకే ఉంటుంది, ముక్కు సన్నం. నోజ్‌రైడర్‌కు అంచులు దాదాపు సమాంతరంగా సాగి ముక్కు విశాలమవుతుంది. ముక్కు మీద నిలిచిన సెకన్లనే లెక్కించే పోటీని సర్ఫర్, బోర్డుల తయారీదారు టామ్ మోరీ 1965లో కాలిఫోర్నియాలోని వెంచురాలో జరిపించాడు. తయారీదారులకు ఆ కాలంలో ముక్కు మీద ఎంత పట్టుదల ఉండేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే బోర్డు మునగకుండా ఆపేది కాన్కేవ్ ఒక్కటే అనుకోవడం సరికాదు. అది కొంత పైకెత్తుతుంది, నిజమే. కానీ డెబ్బై కిలోల మనిషి ఒక కొసన నిలిచి పది కాలివేళ్లూ అంచు దాటించినప్పుడు, రెండో కొసను కిందికి అదిమిపట్టేది నీరే. టెయిల్ (బోర్డు వెనుక కొస) అల నిటారుగా లేచే చోట ఉన్నప్పుడు, గుండ్రటి అంచుల వెంట నీరు ఎగబాకి, టెయిల్ మీదుగా పొర్లి, దాన్ని పట్టి ఉంచుతుంది. అంచు పదునుగా ఉంటే నీరు అక్కడే తెగిపోతుంది, టెయిల్ జారుతుంది. లోతైన కాన్కేవ్, పదునైన వెనుక అంచులు ఉన్న ఒక బోర్డు మీద నేను ముక్కుదాకా నడిచిన ప్రతిసారీ నీళ్లలోకే దిగాను. అప్పటినుంచి ఏ బోర్డునైనా ముందు టెయిల్ అంచుల వెంట వేళ్లతో తడిమి చూస్తాను.

ఈ పరీక్షలో పిగ్ కూడా బాగానే నెగ్గుతుంది: దాని వెడల్పాటి తుంటి, అంటే వెనుక భాగం, అలలో దిగి పట్టు ఇస్తుంది, మలుపు హాయిగా తిరుగుతుంది. సన్నని ముక్కు మీద అయిదు వేళ్ల వరకు నిశ్చింత. పది వేళ్లకు మాత్రం అల నిటారుగా ఉండాలి. నోజ్‌రైడర్ మెత్తని అలలోనూ నిలుస్తుంది, కానీ మలుపు తిప్పాలంటే టెయిల్ దాకా వెనక్కి నడవక తప్పదు. 1966లో శాన్ డియాగోలో జరిగిన ప్రపంచ పోటీలో, ముక్కు మీద నిలవడంలో మేటి అయిన డేవిడ్ నువీవా ఉండగా, 9 అడుగుల 4 అంగుళాల పలచని బోర్డు మీద మలుపులతో ఆస్ట్రేలియా సర్ఫర్ నాట్ యంగ్ గెలవడం నాకు ఈ సందర్భంలో గుర్తుకొస్తుంది. మూడు ఫిన్నుల (బోర్డు అడుగున వెనుక ఉండే రెక్కల) ఆధునిక లాంగ్‌బోర్డును ఈ పనికి పరిశీలించనక్కరలేదు.

నేను చేయించుకున్నది నోజ్‌రైడరే: 9 అడుగుల 6 అంగుళాల పొడవు, 23 అంగుళాల వెడల్పు, లోతు తక్కువ కాన్కేవ్, చివరిదాకా గుండ్రటి అంచులు, పైకి వంగిన టెయిల్, 10 అంగుళాల ఒకే ఫిన్. ఊపు నిలవడానికి ఫైబర్‌గ్లాస్ పొర మాత్రం కాస్త బరువుగానే వేయించాను.