గోడకు బిగించే టర్న్‌టేబుల్ షెల్ఫ్: ఏ గోడకి, ఎంత ఎత్తులో

ఈ షెల్ఫ్ పెట్టె విప్పితే లోపల ఉండేది వెల్డింగ్ చేసిన ఇనుప ఫ్రేము, 50 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. లోతు ఉన్న ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసిన) పలక, ఆ పలకను నాలుగు మూలలా మోసే మొనదేలిన స్పైకులు. స్పైకుల్ని తిప్పుతూ పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఫ్రేము గోడకి, పలక స్పైకుల మీద, ప్లేయర్ పలక మీద. అంతే. కొన్ని నెలలుగా మా ఇంట్లో రెగా ప్లానార్ 3 అనే రికార్డు ప్లేయర్ దీని మీదే తిరుగుతోంది, నేను చాలా సంతోషంగా ఉన్నాను. అయితే ఇలాంటి షెల్ఫ్ బాగా పనిచేస్తుందా లేదా అన్నది సగం మీ గోడ మీదా, మీరు దాన్ని ఏ ఎత్తులో బిగిస్తారన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

మేం పాటలు వినే గదిది చెక్క నేల. ఇంతకుముందు ప్లేయర్ పొడవాటి సైడ్‌బోర్డు మీద ఉండేది. ఎవరైనా దాని పక్కనుంచి కాస్త గట్టిగా నడిస్తే చాలు, స్పీకర్‌లో బాస్ పలికించే వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగడం కంటికే కనిపించేది. పిల్లలు పరిగెడితే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడేది. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. రికార్డులో సన్నగా వినిపించే శబ్దాలకు ముల్లు కదిలేది మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా తక్కువే. అంత చిన్న కదలికను పట్టి వినిపించే యంత్రం నేల ఊగితే పట్టకుండా ఉంటుందా?

దీని వెనక ఒక లెక్క ఉంది. టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ), దాని కొసన ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ కలిసి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ 8 నుంచి 12 హెర్ట్జ్ (సెకనుకు అన్ని ఊపులు) మధ్య ఉండేలా చూసుకుంటారు. అంతకన్నా పైకి వెళ్తే 20 హెర్ట్జ్ దగ్గర సంగీతం మొదలవుతుంది, కిందికి వస్తే వంకర తిరిగిన రికార్డుల ఊపు, అడుగుల అదురు తగులుతాయి. చెక్క నేల అదిరేది ఆ కింది కొసలోనే, కొద్ది హెర్ట్జ్‌లలో. అందుకే ప్లేయర్ కాళ్ళ కింద చిన్న రబ్బరు బిళ్ళలు పెట్టుకుంటే సరిపోతుందనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. ఏ స్ప్రింగైనా, రబ్బరైనా తన సహజ ఫ్రీక్వెన్సీకి దాదాపు 1.4 రెట్ల పైన ఉన్న కంపనాల్నే తగ్గించగలదు. దానికి దగ్గర్లో ఉన్నవాటిని ఇంకా పెంచుతుంది. అడుగుల అదురును ఆపాలంటే ఆ మెత్తదనం రెండు మూడు హెర్ట్జ్‌ల దగ్గరే ఊగాలి, అలాంటి దాని మీద ప్లేయర్ స్థిరంగా నిలబడటమే కష్టం. నేలతో సంబంధం తెంచేసుకోవడం అంతకన్నా తేలిక. గోడ ఆ పని చేస్తుంది.

అన్ని గోడలూ చేయవు. మా గదిలో ఒక పక్క ఇటుక గోడ, ఇంకో పక్క జిప్సం బోర్డు పార్టిషన్ ఉన్నాయి. పార్టిషన్‌ని పిడికిలితో తడితే డోలు మోగినట్టు మోగుతుంది. తలుపు విసురుగా వేస్తే ఆ గోడంతా కదులుతుంది, దాని మీద షెల్ఫ్ పెడితే ఆ కదలికంతా నేరుగా ముల్లుకే చేరుతుంది. ఇటుక గోడలో కూడా గది మూలకు దగ్గరగా బిగించకండి. బాస్ శబ్దం ఒత్తిడి మూలల్లోనే ఎక్కువగా పేరుకుంటుంది. స్పీకర్లకు వెనకో పక్కనో ఆనుకుని కూడా వద్దు.

పరీక్ష ఎలా చేశానో చెప్తాను, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. మోటారు ఆపి, తిరగని రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ మెల్లగా మామూలుగా వినే చోటికి తెచ్చి, పలక అంచు మీద వేలి కణుపుతో తట్టాను. సైడ్‌బోర్డు మీదైతే స్పీకర్లలోంచి ధబ్బుమని ఒక మొద్దు శబ్దం వచ్చి, తోకలా కాసేపు సాగి ఆగేది. ఈ షెల్ఫ్ మీద పొడిగా ‘టక్’ అని వచ్చి అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత గది ఆ చివర నుంచి ఈ చివరకి మడమలు గట్టిగా ఆనిస్తూ నడిచి చూశాను. వూఫర్ కదల్లేదు. ముల్లుకూ స్పీకర్లకూ ప్రమాదం లేకుండా ఉండాలంటే చేయి వాల్యూమ్ మీదే ఉంచండి, గట్టిగా మాత్రం కొట్టకండి.

ఇక ఎత్తు. దీని గురించి జనం చాలా తక్కువ ఆలోచిస్తారు, రోజూ ఇబ్బంది పెట్టేది మాత్రం ఇదే. ప్లేయర్ మరీ కిందుంటే నడుం వంచి పైనుంచి చూడాలి, అప్పుడు ముల్లు హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ కొస) చాటుకు పోతుంది, రికార్డు అంచు మీద సరిగ్గా ఎక్కడ దిగుతోందో తెలియదు. మరీ పైనుంటే మోచెయ్యి గాల్లో తేలి వేళ్ళు వణుకుతాయి. 2 గ్రాముల లోపు బరువుతో ఆనే ముల్లును అలాంటి చేత్తో దించాలంటే నాకు టెన్షనే. ప్లాటర్ (రికార్డు పెట్టే తిరిగే పళ్ళెం) మోచేతికి సమంగానో, కాస్త కిందుగానో ఉంటే ముంజేయి దానంతటదే నిలకడగా ఉంటుంది, కొంచెం తల వంచితే ముల్లు పక్కనుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

నా లెక్క ప్రకారం ప్లాటర్ నేల నుంచి మీటరు ఎత్తులో రావాలి. డ్రిల్ పట్టుకుని పెన్సిల్ గీత గీస్తుంటే అమ్మ వచ్చి రికార్డు పెడుతున్నట్టు గాల్లో చేయి చాపి చూసుకుంది. “ఇంకాస్త కిందకి దించవే, నాకు భుజాలు ఎత్తాల్సి వస్తోంది” అంది. పగలంతా వినేది తనే. అందుకే పలక పైభాగం 85 సెం.మీ. దగ్గర, ప్లాటర్ దాదాపు 92 దగ్గర వచ్చేలా బిగించాను. నాకు ఒక రవ్వ కిందైనా నడుం వంచే పని లేదు. ఇంట్లో ఒకరికన్నా ఎక్కువ మంది వాడేట్టయితే పొట్టివాళ్ళ మోచేతినే కొలవండి, పొడుగువాళ్ళు సర్దుకోగలరు. గీత గీసే ముందు ఒక అట్టపెట్టె ఆ ఎత్తులో పట్టుకుని, దాని మీద రికార్డు పెట్టి తీసి చూసుకోండి.

పైన ఎంత ఖాళీ ఉందో కూడా కొలవాలి. మూత తెరిస్తే నిలువుగా లేస్తుంది, వెనక్కి కూడా కాస్త జరుగుతుంది. ప్లానార్ 3 సుమారు 45 సెం.మీ. వెడల్పు, 36 సెం.మీ. లోతు ఉంటుంది కాబట్టి 40 సెం.మీ. పలక మీద వెనక మిగిలేది నాలుగే. ఫ్రేము గోడ నుంచి కొంచెం ఎడంగా ఉండబట్టి మూత గోడకు తగలకుండా సరిపోయింది. ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్ వైరు పొట్టిది, పైగా మూవింగ్ మాగ్నెట్ (ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలే రకం) కార్ట్రిడ్జ్ వాడేవాళ్ళు దాన్ని ఇష్టమొచ్చినట్టు పొడిగిస్తే వైరు కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని పట్టి ఉంచే గుణం) పెరిగి పై స్వరాల తీరు మారిపోతుంది. అందుకే ప్లేయర్ ఇచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్‌ను షెల్ఫ్ కిందే చిన్న చెక్క మీద పెట్టి, అక్కణ్ణించి ఆంప్లిఫయర్‌కి పొడవైన వైరు తీసుకెళ్ళాను.

ప్లానార్ 3 కాళ్ళు ఎత్తు మార్చుకునేవి కావు, కాబట్టి ఈ స్పైకుల విలువ నాకు బాగా తెలిసింది. రసమట్టం పలక మీద కాకుండా ప్లాటర్ మీదే పెట్టి, ముందు ఎడమ కుడి, తర్వాత ముందు వెనక సరిచేసుకున్నాను. మట్టం తప్పితే ఆర్మ్ ఒక పక్కకి వాలుతుంది, ఆర్మ్ రికార్డు మధ్యకి లాక్కుపోకుండా ఆపే యాంటీస్కేటింగ్ సెట్టింగుకి అర్థం ఉండదు. మరలు సాఫీగా తిరుగుతాయి, బిగించాక జారవు. రెగా వాళ్ళకు సొంత వాల్ బ్రాకెట్ ఉంది, కానీ అది వాళ్ళ ప్లేయర్ల కోసమే చేసింది. రేపు ప్లేయర్ మార్చినా పనికొచ్చేలా ఉండాలని నేను పలక ఉన్నదే తీసుకున్నాను.

ఫిర్యాదులూ ఉన్నాయి. తయారీదారు ఇచ్చిన ప్లాస్టిక్ ప్లగ్గులు పనికిరానివి. ఒకటి రంధ్రంలోనే గిర్రున తిరిగింది. వాటిని పక్కన పడేసి లోహపు యాంకర్ బోల్టులు కొనుక్కోండి. పలక అంచుల పెయింటు గరుకుగా ఉంది. వైర్లు కిందికి దించడానికి వెనక చిన్న గంటు కూడా పెట్టలేదు, ఇంత శ్రద్ధగా వెల్డింగ్ చేసినవాళ్ళు అది ఎలా మరిచిపోయారో అర్థం కాదు.

6 కిలోల ప్లానార్‌లాంటి తేలికైన, బిగువైన ప్లేయర్ ఉండి, ఇటుక గోడో కాంక్రీటు గోడో ఉన్నవాళ్ళు నిశ్చింతగా తీసుకోవచ్చు. లిన్ ఎల్‌పీ12లా లోపల స్ప్రింగుల మీద వేలాడే ప్లేయర్లకు చెక్క నేల అసలు పడదు, వాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ ఉపయోగం. టెక్నిక్స్ ఎస్ఎల్-1200లాంటి బరువైనవాటికి కాళ్ళలోనే మట్టం సరిచేసుకునే వీలుంది. మీది కాంక్రీటు నేల అయితే వాటికి గట్టి సైడ్‌బోర్డు చాలు, స్పీకర్లను మాత్రం దాని మీద పెట్టకండి. గదిలో అన్నీ పార్టిషన్ గోడలే అయితే ఈ షెల్ఫ్ జోలికి వెళ్ళకండి. కొన్నవాళ్ళు బిగించిన ఒకటి రెండు వారాలకు బోల్టులు మళ్ళీ ఒక చుట్టు బిగించి, రసమట్టం ఇంకోసారి పెట్టి చూడండి. నాది ముందు ఎడమ మూల ఒక వెంట్రుక వాసి దిగింది.