అంబాసిడర్ వెనక కమాన్లు: పాతవాటికి వంపు కొట్టించాలా, కొత్తవి వేయాలా?

వెనక భాగం కుంగిపోయిన అంబాసిడర్‌కి సొంత చేతులతో కమాన్లు (బండి బరువు మోసే, ఉక్కు పట్టీలు దొంతరగా పేర్చిన స్ప్రింగులు) మార్చుకోవాలనుకునే చెన్నై మిత్రులకు నా మాట ఒక్కటే: కొత్త సెట్టు కొనండి.

కుంగిన పాత పట్టీలకు మళ్లీ వంపు కొట్టించడం చౌకే. బండితో వచ్చిన పట్టీలే కాబట్టి కొలతల గొడవ ఉండదు. కానీ చల్లగా ఉన్న పట్టీని సుత్తితో కొడితే వచ్చిన వంపు ఎక్కువ కాలం నిలవదు. ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తగు వేడి చూపిస్తేనే ఉక్కుకి ఆ సత్తువ వస్తుంది. పైగా మన సముద్రపు గాలికి పట్టీల మధ్య తుప్పు చేరి గుంటలు పడతాయి. పగులు అక్కడే మొదలవుతుంది. పగిలిన పట్టీకి వెల్డింగ్ మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగినా సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. బండి సామాన్లు అమ్మే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకో పుదుప్పేటకో వెళ్లేటప్పుడు పాత కమాను వెంట తీసుకెళ్లండి. పట్టీల లెక్క, మందం, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు ఉన్న చోటు పక్కపక్కన పెట్టి చూడండి. రెండు వైపులకీ కలిపే కొనాలి. ఒక్కటే మారిస్తే బండి ఒరుగుతుంది.

బిగించేటప్పుడు బండి బరువు స్టాండ్ల మీదే ఉండాలి, జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది విప్పితే యాక్సిల్ పక్కకి జరగదు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కమానును యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వేయండి, పాతవి సాగి ఉంటాయి. కమాను చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేల మీద ఆనాకే ఆఖరిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. పాలీయురేతేన్ బుష్‌లు మన్నుతాయి కానీ గ్రీజు తగ్గితే కిర్రుమంటాయి, కుదుపూ ఎక్కువే. ఊళ్లో తిరిగే బండికి రబ్బరే హాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మరోసారి బిగించండి.

మన మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు సంగతి వేరు. దానికి వెనక ఒకే కమాను, అదీ అడ్డంగా. కొత్తది దొరకడం కష్టం కాబట్టి కాల్చి పదును పెట్టగల కొలిమివాడితో పాతదానికే వంపు కొట్టించడం మేలు. బిగువు మీద ఉండే ఆ కమానును విప్పే పని మాత్రం అనుభవమున్న మెకానిక్‌కే అప్పజెప్పండి.