కర్నూలు కరెంటుకు ఆర్మ్‌బియన్ తట్టుకుందా?

కర్నూలు సీ క్యాంపులోని మా జిరాక్స్, డీటీపీ షాపులో ఉమ్మడి ఫైళ్లను దాచేదీ, ప్రింటుకు పంపేదీ, స్కాన్ చేసిన తెలుగు కాగితాలను టైపు అక్షరాలుగా మార్చేదీ ఒకే చిన్న కంప్యూటర్ బోర్డు: ఆరెంజ్ పై 5. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. చాలాకాలంగా దాని మీద నడుస్తున్నది ఆర్మ్‌బియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్.

స్లొవేనియాకు చెందిన ఇగోర్ పెచోవ్నిక్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థలను తీసుకుని, ఒక్కో బోర్డుకు సరిపడే కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే మూలభాగం) జోడించి ఇస్తారు. వెర్షన్ సంఖ్య అంటే సంవత్సరం, నెల: 24.11, 25.2, 25.5 అలా.

ముందుగా కరెంటు సంగతి. మెయిన్స్ పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తపాటులోనే బోర్డు ఆరిపోయి మళ్లీ లేస్తుంది. మెమరీ కార్డు త్వరగా అరిగిపోకూడదని ఆర్మ్‌బియన్ కొన్ని ఏర్పాట్లు చేస్తుంది. లాగ్ ఫైళ్లన్నీ ర్యామ్‌లో ఉంటాయి, అప్పుడప్పుడు మాత్రమే కార్డుకు చేరతాయి. కార్డుకు ఇది మేలే. కానీ కరెంటు పోయిన క్షణంలో ఏం జరిగిందో చెప్పాల్సిన లాగ్ కూడా కరెంటుతోపాటే పోతుంది. ఇంతకన్నా ముఖ్యమైనది కమిట్ గడువు, అంటే ర్యామ్‌లో ఉన్న మార్పులను ఎంతసేపటికోసారి డిస్కుకు ఎక్కిస్తారన్నది. లినక్స్ ఫైళ్లను దాచే మామూలు ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ప్రతి 5 సెకన్లకు డిస్కు మీద రాత జరుగుతుంది. ఆర్మ్‌బియన్ పాత ఇమేజ్‌లలో (కార్డులోకి ఎక్కించుకునే సిద్ధ ప్రతులలో) ఆ గడువు 600 సెకన్లు, అంటే 10 నిమిషాలు! తర్వాత తగ్గించారు కానీ మా ఊరికి అదీ ఎక్కువే. డిస్కుల అమరికలు ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ అంకెను 5కు మార్చి, షాపు ఫైళ్లను కార్డు నుంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అనే వేగవంతమైన డిస్కులోకి తరలించాను. ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి కార్డు మీద అంత జాలి అవసరం లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ విషయం అడిగితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ కూడా ర్యామ్‌లోనే ఉంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఇదే పద్ధతిని మొదలుపెడితే అందరూ కొత్తగా చెప్పుకున్నారు. ఆర్మ్‌బియన్‌లో అది పాత ముచ్చట. నాలుగు జీబీల ర్యామ్ ఉన్న బోర్డు మీద 600 డీపీఐలో పెద్ద దస్త్రం స్కాన్‌కు పెడితే ఆ ఫోల్డర్ నిండిపోతుంది. కాబట్టి స్కాన్ పనికి తాత్కాలిక ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ మీద చూపించాలి.

ఇటీవలి మార్పుల్లో నాకు బాగా పనికొచ్చింది కెర్నల్ వైపు జరిగిన శ్రమ. ఈ బోర్డులోని ఆర్‌కే3588ఎస్ చిప్‌కు మొదట్లో చిప్ తయారీదారు ఇచ్చిన కెర్నలే దిక్కు. ఆ తర్వాత మెయిన్‌లైన్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా విడుదలయ్యే అసలు లినక్స్ కెర్నల్‌లో, ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయి: కెర్నల్ 6.10లో గ్రాఫిక్స్‌కు పాంథర్ డ్రైవర్, 6.13లో తెరకు కలిపే హెచ్‌డీఎంఐ. మాకు తెర అక్కర్లేదు కనుక ఆర్మ్‌బియన్ ఇచ్చే కెర్నల్ శాఖల్లో 6.12తో వచ్చిన ‘కరెంట్’ శాఖ చాలు. సినిమాలు చూసే పెట్టెగా వాడేవారు మాత్రం వీడియో డీకోడింగ్ కోసం చిప్ తయారీదారు కెర్నల్ ఉండే ‘వెండర్’ శాఖలోనే ఉండడం మంచిది. అన్నిటికన్నా కొత్త కెర్నల్ ఉండే ‘ఎడ్జ్’ శాఖ ప్రయోగాలకు, షాపుకు కాదు.

2024లో తిరగరాసిన సెట్టింగుల పరికరం ఆర్మ్‌బియన్ కాన్ఫిగ్ పాతదానికన్నా శుభ్రంగా ఉంది. అందులో నేను ఎక్కువగా వాడేది కెర్నల్ అప్‌డేట్‌ను ఆపి ఉంచే సదుపాయం. పరీక్షల దరఖాస్తుల కాలంలో మనుషులు వరుసకట్టి నిలబడి ఉంటే కొత్త కెర్నల్ ఎవరికి కావాలి? మిగతా భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. రద్దీ తగ్గాక ఆదివారం రోజు అసలు కార్డును పక్కన పెట్టి, దాని నకలు మీద ప్రయత్నించి చూస్తాను.

తెలుగు విషయంలో ఫిర్యాదు లేదు. చిన్న ఇమేజ్‌లో తెలుగు ఫాంట్లు ఉండవు. డెబియన్ భాండారం నుంచి తెచ్చుకుంటే సరి. స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ ప్రోగ్రాం అచ్చు కాగితాలను బాగానే చదువుతుంది, వత్తుల దగ్గర తడబడుతుంది, చేతిరాత జోలికి వెళ్లనే వద్దు.

ఎండాకాలంలో మాత్రం హీట్‌సింక్ తప్పనిసరి. 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో వరుసగా పేజీలు మారుస్తుంటే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లాగిన్ అవగానే ఉష్ణోగ్రతను కళ్లెదుట చూపించడం ఆర్మ్‌బియన్‌లో నాకు నచ్చే చిన్న మర్యాద.

ప్రింటర్ల దగ్గర జాగ్రత్త. మా పాత లేజర్ ప్రింటర్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్ ఇంటెల్ తరహా యంత్రాలకే పనిచేస్తుంది, ఆర్మ్ తరహా చిప్ ఉన్న ఈ బోర్డుకు కాదు. అందులో ఆర్మ్‌బియన్ చేయగలిగిందేమీ లేదు, ఆ ప్రింటర్ ఇప్పటికీ పాత డెస్క్‌టాప్‌కే కట్టి ఉంది. ఇక కొత్తగా బోర్డు కొనేవారు ధర చూసే ముందు ఆర్మ్‌బియన్ జాబితాలో దాని హోదా చూడండి. ‘స్టాండర్డ్’ మద్దతు ఉంటే కొనవచ్చు. ‘కమ్యూనిటీ’ అని ఉంటే, దాన్ని చూసుకునే మనిషికి తీరిక ఉన్నంతవరకే ఆ మద్దతు.