అరిగిన వైపు, అరగని వైపు: పద్నాలుగేళ్లుగా నా దగ్గరున్న బీటిల్స్ సింగిల్

2011లో లండన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఓ పాత రికార్డుల దుకాణంలో ఆరు పౌండ్లు పెట్టి బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ సింగిల్‌ని, అంటే వైపుకో పాటున్న ఈ చిన్న రికార్డుని, కొన్నాను. పార్లోఫోన్ కంపెనీ నల్ల లేబుల్, నంబరు ఆర్ 5452. ముందు వైపు ‘పేపర్‌బ్యాక్ రైటర్’, వెనక వైపు ‘రెయిన్’. బ్రిటన్‌లో 1966 జూన్ 10న విడుదలైన ఏడంగుళాల రికార్డు. కండిషన్ చాలా బాగుందని దుకాణం ఆయన చెప్పాడు. గదికి తెచ్చి దీపం కింద పట్టుకుంటే ముందు వైపు గాడులన్నీ అరిగి బూడిద రంగుకి తిరిగి ఉన్నాయి. మనసు చివుక్కుమంది. తిప్పి చూస్తే వెనక వైపు నల్లగా, కొత్తదానిలా మెరుస్తోంది. నా కంటే ముందు దీన్ని దాచుకున్నవాళ్లు రెండో వైపు దాదాపు వినలేదన్నమాట.

ముందు వైపుని తక్కువ చేయను. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్ అయిన పాట. రచయిత కావాలనుకునే ఒకడు ప్రచురణకర్తకు రాసే ఉత్తరమే పాటంతా. తన నవల వెయ్యి పేజీలకు అటూఇటూ ఉందనీ, నచ్చితే ఇంకా పెంచుతాననీ బతిమాలతాడు. మన డిటెక్టివ్ పాకెట్ పుస్తకాల కాలం గుర్తున్నవాళ్లకి వాడు వెంటనే తెలిసిపోతాడు. వాయిద్యాలేవీ లేకుండా గొంతులతో మొదలై, ఒక్కసారిగా గిటార్ అందుకుంటుంది. వెనక కోరస్‌లో బృందంలోని లెనన్, హారిసన్ పాడేది ‘ఫ్రేర్ జాక్’ అనే ఫ్రెంచి పిల్లల పాట పేరు. ఇది నేను మూడో ఏడాదికి గానీ పట్టుకోలేకపోయాను.

బేస్, అంటే లోతైన స్వరాల గిటార్, గురించి మాత్రం తప్పక చెప్పాలి. అప్పటిదాకా బీటిల్స్ రికార్డుల్లో బేస్ ఇంత గట్టిగా వినిపించలేదు. ఇరవై ఏళ్ల ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ బృందం బీటిల్స్ సభ్యుడు మెకార్ట్నీ బేస్ ముందు మామూలు మైక్ బదులు ఒక లౌడ్‌స్పీకర్‌ని పెట్టి, దాన్నే మైక్‌గా వాడింది. అరిగిన నా కాపీలో కూడా ఆ బేస్ ఛాతీకి తగులుతుంది. గొంతుల దగ్గర మాత్రం ‘స’ శబ్దం చీలిపోతుంది. అది అరుగుదల పని, రికార్డింగ్ తప్పు కాదు.

ఇక ‘రెయిన్’. ఈ మూడు నిమిషాల కోసమే నేను ఈ రికార్డు దాచుకున్నాను. 1966 ఏప్రిల్‌లో, ‘రివాల్వర్’ ఆల్బమ్ పనులు జరుగుతున్న రోజుల్లోనే రికార్డయింది. డ్రమ్స్, గిటార్ వేగంగా వాయించి, ఆ టేపును నెమ్మదిగా నడిపారు. అందుకే డ్రమ్ దెబ్బలో ఆ బరువు, గిటార్‌లో తడిసిన గుడ్డ లాంటి ఆ సాగుడు. లెనన్ గొంతుకి దీనికి తిరగేసిన పని చేశారు. టేపు నెమ్మదిగా తిరుగుతుండగా పాడించి, తర్వాత వేగం పెంచారు. బరువైన వాయిద్యం మీద సన్నటి గొంతు తేలుతుంటుంది. తాను వాయించినవాటిలో అత్యుత్తమం ఇదేనని బృందంలో డ్రమ్స్ వాయించే రింగో స్టార్ చాలాసార్లు చెప్పాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్నేర్ డ్రమ్ ఒక్కదాని వెంటే వెళ్లండి. మాట మధ్యలో జారి, తూలిపోతుందేమో అనిపించి, సరిగ్గా సమయానికి వచ్చి నిలబడుతుంది.

మాటని సాగదీసి ఒకే స్వరం చుట్టూ తిప్పే ఆ పద్ధతి మన చెవికి కొత్త కాదు. నాకైతే తంబూరా శ్రుతి వింటున్నట్టే ఉంటుంది. హారిసన్ అప్పటికే సితార్ పట్టుకున్నాడు, 1965 చివర్లో వచ్చిన ఆల్బమ్‌లో అది వినిపిస్తుంది. చివర్లో లెనన్ గొంతు తిరగబడి వెనక్కి నడుస్తుంది. ఆ ఆలోచన తనదేనని లెననూ, తనదేనని నిర్మాత జార్జ్ మార్టినూ చెప్పుకున్నారు. ఎవరిదైనా సరే, మొదటిసారి విన్నప్పుడు ప్లేయర్ పాడైందనుకుని ముల్లు ఎత్తేశాను.

ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. సముద్రపు తేమకి కాగితం కవర్ మీద రెండుసార్లు బూజు పట్టింది. ఇప్పుడు రికార్డుని ప్లాస్టిక్ లోకవర్‌లో, నిలువుగా పెడుతున్నాను. ప్రతిసారీ వినేముందూ విన్నాకా కార్బన్ బ్రష్‌తో తుడుస్తాను. 1966లో ఈ సింగిల్ మోనోలోనే, అంటే ధ్వని అంతా ఒకే ఛానల్‌గా, వచ్చింది కాబట్టి ప్లేయర్‌కి మోనో కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) పెట్టి చూశాను. చిటపటలు సగానికి సగం తగ్గినట్టనిపించింది. ఈ రికార్డు మీద పెట్టిన ఖర్చుల్లో నిజంగా పనికొచ్చింది అదే.

ప్లేయర్ లేనివాళ్లకి 2009లో వచ్చిన ‘మోనో మాస్టర్స్’ సంకలనం చాలు, రెండు పాటలూ సింగిల్‌లో ఉన్నట్టే ఉంటాయి. ‘రెయిన్’ నచ్చితే 2022లో వచ్చిన ‘రివాల్వర్’ పెద్ద సెట్ కూడా వెతకండి. అందులో నెమ్మది చేయకముందు, వాళ్లు అసలు వాయించిన వేగంలో ఆ రికార్డింగ్ ఉంది. అది వింటే వాళ్లు ఎంత పరుగెత్తారో తెలుస్తుంది. అయినా నేను తిరిగి తిరిగి వచ్చేది నెమ్మది చేసినదాని దగ్గరికే.

ఏ జూలై సాయంత్రమో కొండల మీదుగా మబ్బు దిగుతుంటే దీన్ని పెడతాను. ఎండకీ వానకీ ఒకేలా ఉండొచ్చు కదా అంటుందా పాట. వాన కోసం ఆకాశం వైపు చూసే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకా మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. కానీ పాట నడుస్తున్నంతసేపూ ఎదురు చెప్పాలనిపించదు.

మొన్న మళ్లీ దీపం కింద పట్టుకుని చూశాను. రెండో వైపు కూడా అంచు దగ్గర సన్నగా బూడిద రంగు మొదలైంది.