బీఎస్సీ నర్సింగ్‌లో ఆన్‌లైన్ క్లాసులు: కోర్సు పూర్తయ్యాక నా అభిప్రాయం

మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి దగ్గర పల్లె. కరోనా కాలంలో నర్సింగ్‌లో చేరాను కాబట్టి మొదటి ఏడాది చాలావరకు జూమ్‌లోనే గడిచింది. కాలేజీ తెరిచాక కూడా రికార్డు పాఠాలు, యూట్యూబ్ వీడియోలు చివరిదాకా వాడాను. థియరీకి 5కి 4 ఇస్తాను, ప్రాక్టికల్స్‌కి 1.

నాలా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి రికార్డు పాఠం నిజంగా వరం. ఫిజియాలజీ మేడమ్ ఇంగ్లీషులో గబగబా చెప్పేస్తుంటే క్లాసులో చెయ్యెత్తి అడగలేం. అదే వీడియో అయితే ఆపి, వెనక్కి తిప్పి, అర్థమయ్యేదాకా వినొచ్చు. డ్రిప్ లెక్కలు నాకు అలాగే వచ్చాయి. 500 ఎం.ఎల్. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్ ఎం.ఎల్.కి 15 చుక్కలు పడేది అనుకోండి, నిమిషానికి దాదాపు 16 చుక్కలు. ఇప్పుడు వార్డులో కాగితం అక్కర్లేదు.

సిగ్నల్, కరెంటు బాధలు అందరికీ తెలిసినవే. కానీ కెమెరా ఆన్ చేయలేదని హాజరు కోసేయడం అన్యాయం. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన నా స్నేహితురాలు బాగా చదివేది, అయినా హాజరు తగ్గిందని ఎంత టెన్షన్ పడిందో నేను చూశాను.

అసలు లోటు చేతి పనిలో ఉంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు తక్కువ. డయాలసిస్ కోసం ఫిస్టులా (ఆపరేషన్ చేసి ధమనిని, సిరని కలపడం) పెట్టిన చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు అని స్లైడ్ మీద చదివి పరీక్షలో రాశాను. అయితే ఆ ఫిస్టులా పనిచేస్తోందో లేదో వేళ్లు ఆనించి చూడాలి, లోపల జల్లుమని అదురుతుంది, దాన్నే థ్రిల్ అంటారు. డయాలసిస్ యూనిట్‌లో సీనియర్ సిస్టర్ నా వేళ్లు పట్టుకుని పెట్టించేదాకా అదెలా ఉంటుందో నాకు తెలియదు. అది ఆగిపోతే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, ఆలస్యమైతే ఫిస్టులానే పోవచ్చు. ఏ వీడియో ఈ స్పర్శని నేర్పుతుంది? బీపీ కూడా అంతే. ఇయర్‌ఫోన్స్‌లో స్పష్టంగా వినిపించిన శబ్దం, ఫ్యాన్ల హోరులో, పేషెంట్ల బంధువుల మాటల మధ్య స్టెత్‌లో పట్టుకోవడం వేరే పని.

లాక్‌డౌన్‌లో పోయిన స్కిల్ ల్యాబ్ గంటలు మాకు పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది, ఎందుకంటే ఆ లోటు చివరికి పేషెంటు మీద పడుతుంది.

మూడో ఏడాదిలో ఒక మేడమ్ ముందురోజు రాత్రి వీడియో పంపి, మర్నాడు ల్యాబ్‌లో ప్రాక్టీసుకి ఉంచిన మనిషి బొమ్మ మీద ఒక్కొక్కరి చేత చేయించేవారు. క్యాథటర్ (మూత్రం గొట్టం) వేయడం అందరికీ త్వరగా వచ్చింది. అన్ని సబ్జెక్టులకీ ఇలాగే చేయాలి. కొత్తగా చేరే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఆన్‌లైన్ సౌకర్యం ఉందా అని అడిగే ముందు ల్యాబ్‌లో ఎన్ని బొమ్మలున్నాయో, క్లినికల్ పోస్టింగ్ ఏ ఆస్పత్రిలో వేస్తారో అడగండి. కుదిరితే ఆ ల్యాబ్‌లోకి స్వయంగా వెళ్లి చూడండి.