గుండెకు కొత్త కణాలు పెట్టడమా, ఉన్న కణాలను లేపడమా: ఏది మేలు?

పిక్క కండరం చిరిగితే కొన్ని వారాల్లో మళ్లీ కట్టుకుంటుంది. గుండెపోటులో చచ్చిపోయిన కండరం మాత్రం జీవితాంతం మచ్చగానే మిగిలిపోతుంది. రెండూ కండరాలే, మరి తేడా ఎక్కడుందంటే, ఒంటి కండరాల్లో పోగులకు అంటుకుని శాటిలైట్ కణాలనేవి ఉంటాయి, మామూలు రోజుల్లో నిద్రపోతూ. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి వీటిని పట్టుకున్నాడు. దెబ్బ తగలగానే లేస్తాయి, ఒకటి రెండవుతాయి, కొత్త పోగులు కడతాయి, కొన్ని మళ్లీ పడుకుంటాయి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జ్యోత్స్న ధావన్ బృందం ఏళ్లుగా పరిశోధించింది ఈ నిద్ర మీదే. గుండెలో ఇలాంటి రిజర్వు లేదు. పెద్ద గుండెపోటు వస్తే వంద కోట్ల దాకా కణాలు పోతాయి, స్టెంట్ వేసి రక్తనాళం తెరిచినా పోయినవి పోయినట్టే.

అందుకే పరిశోధన రెండు దారుల్లో నడుస్తోంది: ల్యాబ్‌లో పెంచిన కణాలను తెచ్చి గుండెలో పెట్టడం ఒకటి, మిగిలిన కణాలనే మళ్లీ విభజన చెందేలా చేయడం రెండోది. ఇంట్లో ఎవరికైనా ఈఎఫ్ (గుండె గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి వెళ్లే శాతం) 30కి పడిపోయిందంటే "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే బాగవుతుందట కదా" అని చుట్టాల్లో ఎవరో ఒకరు అంటారు (స్టెమ్ సెల్స్ అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు), కాబట్టి ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

మొదటి దారిలో మొదట తప్పటడుగులే పడ్డాయి. 2000లో పారిస్‌లో ఫిలిప్ మెనాషే ఒక పేషెంటు తొడ కండరంలోంచే కణాలు తీసి, పెంచి, గుండె మచ్చలోకి ఎక్కించాడు. ఆ కణాలు బతికాయి, కానీ పక్కనున్న గుండె కణాలతో విద్యుత్ సంబంధం కలుపుకోలేదు, కాబట్టి గుండె కొట్టుకుంటుంటే ఇవి తమ దారిన తాము ఉండిపోయాయి. తర్వాత 97 మందితో చేసిన మ్యాజిక్ ట్రయల్‌లో పంపింగ్ మెరుగుపడలేదు, లయ తప్పడం మీద అనుమానాలు పెరిగాయి. ఇక అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేసిన పియెరో అన్వెర్సా కథ వేరు. గుండెలోనే స్టెమ్ సెల్స్ ఉన్నాయని ఏళ్ల తరబడి చెప్పిన ఆ ల్యాబ్ పేపర్లలో 31 వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డే చెప్పింది. దాన్ని నమ్మి మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్లారు, తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అసలు పని మొదలైంది స్టెమ్ సెల్స్‌ను నేరుగా ఎక్కించడం మానేసి, వాటిని ముందే గుండె కణాలుగా మార్చి పెట్టడంతో. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చార్ల్స్ మరీ బృందం 2014లో కోతుల గుండెల్లో వంద కోట్ల మానవ గుండె కణాలు పెట్టింది. ఈసారి కొత్త కణాలు పాతవాటితో కలిసే కొట్టుకున్నాయి. కానీ మొదటి వారాల్లో లయ తప్పింది. కారణం ఏంటంటే ల్యాబ్ కణాలు పిండదశ కణాల్లాంటివి, ఎవరూ చెప్పకుండానే తమంతట తాము కొట్టుకుంటాయి. 2023లో అదే బృందం నాలుగు జన్యు మార్పులు చేసి ఆ అలవాటు మాన్పించింది, పందుల్లో లయ నిలబడింది. జర్మనీలోని గ్యోటింగెన్‌లో వోల్ఫ్‌రామ్ సిమ్మర్‌మన్ బృందం ఇంకో పద్ధతి పట్టుకుంది. సూదితో ఎక్కించకుండా కణాలను కండరపు ప్యాచ్‌గా పెంచి గుండె పైన కుట్టేస్తారు. ఒక 46 ఏళ్ల మహిళకు అలా పెట్టారు. మూడు నెలలకు ఆమెకు గుండెమార్పిడి జరిగింది, తీసిన పాత గుండెను పరీక్షిస్తే ప్యాచ్‌లో కణాలు బతికే ఉన్నాయి, రక్తనాళాలు కూడా వచ్చాయి. 2025 జనవరిలో ఆ వివరాలు నేచర్‌లో వచ్చాయి. ఇబ్బందులు లేవని కాదు, ఛాతీ తెరవాలి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడాలి, కోట్ల కణాలు శుభ్రంగా పెంచే ల్యాబ్ కావాలి, ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు.

రెండో దారి వినడానికి ఎంతో బాగుంటుంది. జీబ్రాఫిష్ గుండెలో అయిదో వంతు కోసేసినా రెండు నెలల్లో తిరిగి పెరుగుతుందని 2002లోనే తేలింది. పుట్టిన మొదటి రోజు ఎలుకపిల్లకూ ఆ శక్తి ఉంది, వారం తిరిగేసరికి పోతుంది. మనిషిలో పూర్తిగా సున్నా కాదు. స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసెన్ బృందం, అణు బాంబు పరీక్షల వల్ల గాల్లో పెరిగిన కార్బన్ 14 గుండె కణాల డీఎన్‌ఏలో ఎంత చేరిందో కొలిచి, 25 ఏళ్ల వయసులో ఏడాదికి 1 శాతం, 75లో 0.45 శాతం కణాలు కొత్తవి వస్తాయని 2009లో చెప్పింది. ఆ కాస్తను పెంచగలిగితే చాలు కదా అని అందరి ఆశ.

కష్టం విభజన దగ్గరే ఉంది. గుండె కణం లోపలంతా సంకోచించే ప్రొటీన్ల వరసలే. రెండుగా చీలాలంటే ముందు ఆ వరసలన్నీ ఊడదీసుకోవాలి, ఆ కాసేపు అది సరిగా కొట్టుకోలేదు. కొన్ని కణాలైతే పర్లేదు, ఎక్కువ కణాలు ఒకేసారి మొదలుపెడితే ప్రమాదం. ఇటలీలో మావ్‌రో జక్కా బృందం, కణాన్ని విభజన వైపు తోసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ 199ఎ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను వైరస్ ద్వారా పందుల గుండెల్లోకి పంపింది. నెల తిరిగేసరికి మచ్చ తగ్గింది, పంపింగ్ పెరిగింది, చూసినవాళ్లు ఎగిరి గంతేసి ఉంటారు. ఆ తర్వాత చాలా పందులు ఉన్నట్టుండి లయ తప్పి చనిపోయాయి. వైరస్ ఇచ్చిన ఆ ఆదేశం ఆగలేదు, కణాలు విభజన మానలేదు. ఈ మాట 2019 పేపర్‌లో వాళ్లే దాచకుండా రాశారు, దానికి నేను దండం పెడతాను.

అంటే రెండు దారులూ ఆగింది ఒకే చోట, గుండె లయ దగ్గర. కాబట్టి ఎన్ని కణాలు పెరిగాయి, ఈఎఫ్ ఎంత లేచింది అని కాకుండా, పేషెంటు రాత్రి పడుకుని పొద్దున లేస్తాడా అన్నదే కొలత కావాలని నా గట్టి అభిప్రాయం. ఆ లెక్కన ఇవాళ్టికి ప్యాచ్ ముందుంది. మార్పిడి కోసం ఎదురుచూస్తున్న హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లకు అదే మేలు. పదేళ్ల తర్వాత మాటైతే నేను రెండో దారి వైపే ఉంటాను, ఎందుకంటే ఫైజర్ లాంటి కొన్ని కోవిడ్ టీకాల్లోలాగా కొద్దిరోజుల్లో కరిగిపోయే ఆర్‌ఎన్‌ఏతో ఆ ఆదేశాన్ని ఇచ్చి ఆపగలిగితే, ఛాతీ తెరవకుండా, అణిచే మందులు లేకుండా జిల్లా ఆసుపత్రి దాకా రాగల చికిత్స అదే.

ఒక్క చోట మాత్రం అప్పుడు కూడా మొదటి దారే. భారత ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో గుండె కండరపు ప్రొటీన్‌కు సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాల ముక్క లేదని, గుండె కండరాల జబ్బుకు దాంతో సంబంధం ఉందని 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్ తదితరులు చూపించారు. జన్యులోపంతో గుండె దెబ్బతిన్నవాళ్లలో ఉన్న కణాన్నే లేపితే లోపమున్న కణం ఒకటి రెండవుతుంది, అంతే. వాళ్లకు ఆ లోపం లేని కణాలు బయటి నుంచే రావాలి.

మన దగ్గర ఈ రెండూ ఇంకా ట్రయల్ దశ దాటలేదు. గుండెకు స్టెమ్ సెల్ చికిత్స మన దేశంలో ట్రయల్‌గా తప్ప చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరైనా లక్షలు కట్టండి, ఎక్కిస్తాం అంటే ముందు సీటీఆర్‌ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ట్రయలే అయితే చికిత్సకు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు.